ఖాళీ కడుపని చెప్పిన రోజు

ఆ రోజు పొద్దున్న నేను తిన్నాను. ఈ మాట చాలా ఏళ్లపాటు ఎవరికీ చెప్పలేదు.

మా అక్క కూతురు అప్పుడు ఒక వైద్య కళాశాలలో పీజీ చేస్తోంది. ఏమీ తినని మనిషిలో చిన్నపేగు లోపలి పొర కొత్త ప్రొటీన్‌ను ఎంత వేగంగా తయారుచేసుకుంటుందో కొలవడం ఆమె థీసిస్. తర్వాత కనిపెట్టడానికి వీలుగా గుర్తు పెట్టిన అమైనో ఆమ్లాన్ని సెలైన్‌లా చేతి నరంలోకి ఎక్కిస్తారు. మధ్యాహ్నం నోటి గుండా గొట్టం దించి, ఆ పొరలోంచి చిటికెడు ముక్క తీసి, వెంటనే గడ్డకట్టించి, అందులో ఆ గుర్తు ఎంత చేరిందో చూస్తారు. ముందు ఏమైనా తింటే ఆ లెక్క తప్పుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనుషులు కావాలంటే నేను వస్తానన్నాను. మా ఊరు రాజోలులో నలుగురి దగ్గరా గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ముందురోజు కొత్తపేటలో అత్తవారింట పడుకున్నాను. తెల్లవారుజామున బయల్దేరుతుంటే అత్తగారు మినపరొట్టె, బెల్లం పాకం తెచ్చి ముందు పెట్టారు.

"వద్దండీ, పరీక్ష ఉంది" అన్నాను.

"అది పొద్దెక్కాక కదండీ. అల్లుడు ఖాళీ కడుపుతో గడప దాటితే ఊళ్లో నన్నేమంటారండీ?"

ఆవిడ మాట కాదనలేక తిన్నానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నాకు ఆకలేసింది.

ఆసుపత్రిలో మేనకోడలు అడిగింది. "రాత్రి నుంచీ ఏమీ తినలేదు కదా మావయ్యగారూ?"

"ఆయ్. మంచినీళ్లే."

"మీరు ఆకలికి ఆగలేరని అమ్మ ఒకటే గొడవండీ."

"మీ అమ్మకి నామీద ఎప్పుడు నమ్మకం గనక."

ఆమె నవ్వి కాగితం మీద టిక్కు పెట్టింది.

నా ముక్కలో వచ్చిన లెక్క మిగతావాళ్ల లెక్కకు చాలా దూరంగా ఉందట. తీసిన ముక్కను వెంటనే గడ్డకట్టించలేదని ఆమె ప్రొఫెసర్ తేల్చారు. అంతటితో ఆగలేదు. ఆమె చేతి మీదుగా వెళ్లిన ముక్కలన్నీ పక్కన పెట్టించి, మొదటినుంచి చెయ్యమన్నారు. ఆ వారం అక్క ఇంటికి వెళ్తే మేనకోడలు అన్నం కలపకుండా కంచం ముందు కూర్చుని ఉంది.

"నేను ముక్కని వెంటనే గడ్డకట్టడానికి పెట్టేను మావయ్యగారూ. పెట్టేననే గుర్తు. ఇప్పుడు నాకే అనుమానంగా ఉందండీ."

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. "పెద్దవాళ్లకి తెలియదా అమ్మా, ఈసారి జాగ్రత్తగా చెయ్యి" అన్నాను. రొట్టె తినడం కన్నా ఆ మాట అనడమే పెద్ద పాపం.

ఏడాది ఆలస్యంగా ఆమె గట్టెక్కింది. ఇప్పుడు పెద్దాసుపత్రిలో డాక్టరు. మొన్న వాళ్లమ్మకి బీపీ మందు చీటీ రాస్తూ చించేసింది, మళ్లీ రాసింది, వేలు పెట్టి చదువుకుంది. చివరికి ఆ చీటీ నా చేతికిచ్చి, "సరిగ్గానే రాసేనా మావయ్యగారూ?" అని అడిగింది. మందుల సంగతి నాకేం తెలుసు. ఆ అనుమానం ఆమెకు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో మాత్రం తెలుసు.

అప్పుడే, అక్క ఎదుటే చెప్పాను. "ఆ రోజు నేను తినే వచ్చేనమ్మా. నీకు అబద్ధం చెప్పేను. నువ్వు ముక్కని వెంటనే గడ్డకట్టడానికి పెట్టేవు. నీకు గుర్తున్నదే నిజం. మీ ప్రొఫెసర్‌గారికి ఇదే రాసి, సంతకం పెట్టి పంపుతాను. తప్పు నాదమ్మా, క్షమించు. ఇంత ఆలస్యంగా చెప్తున్నందుకు కూడా క్షమించు."