ఉప్పు లేని మూడు సీసాలు

నాది అనుమానపు బుద్ధి. పుట్టుకతో ఉన్నదో, మా అమ్మ పెంపకంలో వచ్చిందో తెలియదు. పాలవాడి చెంబు దగ్గర నుంచి కూరగాయల తక్కెడ దాకా ఆవిడ దేన్నీ ఊరికే నమ్మేది కాదు. బందరులో ఉండి, పక్కనే ఉన్న గిలకలదిండి రేవు చేపను కూడా నమ్మేది కాదు. మొప్ప ఎత్తి చూసి, వాసన చూసి, అదీ చాలక అమ్మే మనిషి ముఖం కాసేపు చూసి అప్పుడు బేరం మొదలుపెట్టేది. అలాంటి ఇంట్లో పెరిగి, చివరికి అనుమానించడమే పనిగా ఉన్న ఉద్యోగంలో చేరాను.

తొంభైల మధ్యలో సంగతి. పొరుగు రాష్ట్రంలోని ఒక పాత గనిలో, బాగా లోతున, మేము కొద్దిమందిమి ఒక డిటెక్టర్‌కు కాపలా ఉండేవాళ్లం. పెద్ద తొట్టె, దాన్నిండా నూనెలాంటి ద్రవం, చుట్టూ గాజు గొట్టాలు. ఎక్కడో ఒక భారీ నక్షత్రం పేలిపోతే, ఆ వెలుగు మన కంటికి చేరడానికి కొన్ని గంటల ముందే న్యూట్రినోలనే కణాలు వచ్చేస్తాయి. అవి దేనికీ ఆగవు. కొండలోంచి, మనిషిలోంచి, మొత్తం భూమిలోంచి దూసుకుపోతాయి. కోటానుకోట్లలో ఏ ఒక్కటో ఆ ద్రవంలో తగిలితే చిన్న మెరుపు పుడుతుంది. గాజు గొట్టాలు దాన్ని పట్టుకోవాలి. కొన్ని సెకన్లలో అలాంటి మెరుపులు గుంపుగా వచ్చాయంటే ఎక్కడో నక్షత్రం పోయిందన్నమాట. ఎనభైల చివర ఒకసారి అలా వచ్చినప్పుడు, ప్రపంచంలో ఉన్న డిటెక్టర్లన్నిటికీ కలిపి దొరికినవి పాతిక లోపే. అప్పటికి మాది ఇంకా కట్టలేదు.

గనిలోకి దిగడం ఎందుకంటే, పైన ఆకాశం నుంచి రకరకాల కణాలు వానలా పడుతూనే ఉంటాయి. నెత్తిమీద అంత రాయి ఉంటే ఆ గోల తగ్గుతుంది. తగ్గుతుందే గానీ పోదు. మెరుపులు రోజూ వచ్చేవి. ప్రతిదాన్నీ దొంగను నిలదీసినట్టు నిలదీయాలి. రాతిలోంచి వచ్చావా, కరెంటు ఎగిరిపడితే వచ్చావా, ఎవరి కాలైనా తీగకు తగిలితే వచ్చావా? గనిలో మా పనికి పెద్దగా ఉన్న పెద్దాయన నేను చేరిన వారంలోనే రెండు మాటలు చెప్పారు. ఒక్క గొట్టం చెబితే నమ్మొద్దు, ఒకదాంతో ఒకటి సంబంధం లేని రెండు గొట్టాలు ఒకే మాట చెబితే అప్పుడు కూర్చుని ఆలోచించు. రెండోది, అందరికంటే ముందు మన గాజునే అనుమానించు. ఆ గాజులోనే సహజంగా కొంచెం రేడియోధార్మికత ఉంటుంది కాబట్టి, మెరుపు కోసం కాపలా పెట్టిన గొట్టమే ఒక్కోసారి మెరుపు పుట్టిస్తుంది. మొదటి మాట నాకు బాగా తలకెక్కింది.

నాలుగేళ్లు కాపలా కాశాక నాగాయలంకలో ఒక సంబంధం వచ్చింది. అమ్మాయి అక్కడే రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేసే ల్యాబ్‌లో పనిచేస్తోంది. దివిసీమలో ఎవరిని చూసినా రొయ్యల చెరువు తవ్వి, పరీక్షకని చేతిలో నీళ్ల సీసాతో తిరుగుతున్న రోజులవి. అమ్మా నేనూ చూడ్డానికి వెళ్లాం. కాఫీలయ్యాక అందరూ నా జీతం గురించి మొహమాటంగా డొంకతిరుగుడు ప్రశ్నలు వేస్తుంటే, ఆమె మాత్రం సూటిగా నా పని గురించి అడిగింది.

"నాలుగేళ్లలో ఒక్కటైనా దొరికిందాండీ?"

లేదన్నాను. ఆమె నవ్వలేదు.

"దొరకలేదా, అసలు రాలేదా?"

ఆ తేడా నన్ను అంతకుముందు బంధువుల్లో ఒక్కరూ అడగలేదు. తన దగ్గరికి వచ్చే రైతులదీ అదే బాధట. నీళ్లు మురికిగా ఉంటే చెరువులో రొయ్య ఉండీ కనబడటం లేదో, అసలు లేదో తేల్చుకోలేరట. తిరుగు బస్సు అవనిగడ్డ చేరేలోపే నేను నిర్ణయించేసుకున్నాను. చేసుకుంటే ఈమెనే చేసుకోవాలి. నా బతుకులో అంత త్వరగా నమ్మింది మరొకటి లేదు. అందుకే కాబోలు, ఆ నమ్మకం మీదే నాకు అనుమానం పుట్టింది.

మావైపు పిల్ల నచ్చాక వాకబు మొదలవుతుంది. ఇద్దరు ముగ్గుర్ని పంపుతారు. ఒకరి సంగతి ఒకరికి చెప్పరు. అలాగైతేనే నిజం బయటపడుతుందని లెక్క. అమ్మ ఇద్దరికి పురమాయించింది. ఒకరు నాగాయలంకలో ఉండే దూరపు పిన్ని, రెండోవాడు మా వీధిలో ఉంటూ ఆ రూటులో తిరిగే బస్సు కండక్టరు. గనికి తిరిగి వెళ్తూ గుడివాడలో బస్సు మారినప్పుడు, నన్ను చూడ్డానికి పెదపారుపూడి నుంచి వచ్చిన బాబాయితో నేనూ ఒక మాట అన్నాను. నువ్వు కూడా ఓసారి చూసి రా బాబాయ్, అమ్మకు చెప్పకు. నాన్న పోయాక నాకు ఇంటి పెద్ద ఆయనే. వరి తప్ప ఇంకో పంట ఎరగని మనిషి. సరేరా అని బస్సు కదిలేదాకా చెయ్యి ఊపాడు. గనిలో దిగాక ఆ మాట అన్న సంగతే మర్చిపోయాను.

నెలన్నరకు అమ్మ ఉత్తరం వచ్చింది. పిన్ని కబురూ కండక్టరు కబురూ ఒక్కటేనట. ఎవరో మగమనిషి సంచీతో ల్యాబ్‌కు వస్తున్నాడు. వచ్చినవాడు పని అయ్యాక కూడా గంటసేపు కూర్చుంటాడు. అమ్మాయి టీ తెప్పిస్తుంది, బస్సు దాకా వచ్చి ఎక్కిస్తుంది. ఇద్దరూ కళ్లారా చూశారు.

పిన్నికి కండక్టరు ఎవరో తెలియదు, కండక్టరుకు పిన్ని తెలియదు. సంబంధం లేని రెండు గొట్టాలు, ఒకే మాట. క్యాంటీన్‌లో కూర్చుని ఆ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. వచ్చే మనిషి వయసెంత, ఎలా ఉంటాడు, ఏ వైపు బస్సు ఎక్కుతాడు? ఏ మెరుపునైనా ఇన్ని అడిగేవాణ్ణి, ఇక్కడ ఒక్కటీ అడగలేదు. అడిగితే జవాబు వస్తుందని భయం. వద్దనుకుందాం అని రాసేశాను. జాతకాలు కుదరలేదని అమ్మ కబురు పంపింది.

పదిహేను రోజులకు బాబాయి ఉత్తరం వచ్చింది. ఒకసారి చూస్తే మనిషి అర్థం కాదని మూడుసార్లు వెళ్లాడట. ఊరికే వెళ్తే బాగుండదని, రొయ్యల రైతునని చెప్పి, వెళ్లినప్పుడల్లా మన కాలవ నీళ్లు సీసాతో పట్టుకెళ్లాడట. పిల్ల ఎంతో ఓపికగా మాట్లాడిందట, టీ ఇచ్చిందట, ఎండలో బస్సు దాకా వచ్చి ఎక్కించిందట. "ఇలాంటి పిల్ల మళ్లీ దొరకదురా, ఆలస్యం చెయ్యకు" అని చివర రాశాడు.

ఆ రోజు షిఫ్టుకు వెళ్లలేకపోయాను. మా గాజునే అనుమానించమని పెద్దాయన చెప్పిన మాట చెవిలో మోగుతూనే ఉంది. పిన్నీ కండక్టరూ బాబాయిని ఎరగరు, వాళ్లు చూసిన మనిషి ఆయనే. కాపలా పెట్టింది నేను. మెరిసిందీ నేను పెట్టిన గొట్టమే. నా మీద నాకు అంత అసహ్యం అంతకుముందు ఎన్నడూ వేయలేదు.

సెలవు పెట్టి, ఇంటికి కూడా వెళ్లకుండా నేరుగా నాగాయలంకలో దిగాను. ల్యాబ్‌లో ఆమె ఒక్కతే ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, కూర్చోమంది. జరిగిందంతా చెప్పాను, తప్పు నాదేనన్నాను. ఆమె వింటూ ఒక రిజిస్టరు తీసి నా ముందు పెట్టింది. మూడు తేదీలు, ఏదో దొంగ పేరు. ఉప్పు శాతం అని ఉన్న గడిలో మూడుచోట్లా సున్నా.

"టైగర్ రొయ్యకు ఉప్పునీళ్లు కావాలండీ. మొదటి సీసాకే తెలిసిపోయింది ఆయన రొయ్యల రైతు కాదని. రెండోసారి వచ్చి, గని దగ్గర క్వార్టర్స్‌లో ఉండగలవా అమ్మాయ్ అని అడిగారు. ఇక ఎవరు పంపారో కూడా తెలిసింది. అంత వయసు మనిషి, అంత దూరం నుంచి మీకోసం వస్తున్నారు కదాని టీ తెప్పించాను."

బాబాయి తీసుకెళ్లని రిపోర్టు కాగితాలు మూడూ రిజిస్టరులోనే ఉన్నాయి. వాటిని దొంతిగా సర్ది నా చేతికిచ్చింది.

అన్నీ మళ్లీ మొదటినుంచి మాట్లాడుకోవచ్చా అని అడిగాను. నా గొంతు నాకే బిచ్చమడుగుతున్నట్టు వినిపించింది. ఆమె ముఖంలో కోపం ఉందేమోనని వెతికాను, లేదు. ఉంటే బాగుండేది.

"మళ్లీ అంటే, మళ్లీ ఎవరో ఒకరు వస్తారు కదండీ" అంది. "ఈసారి ఉప్పు కలుపుకుని వస్తారు."

అవనిగడ్డ బస్సు వచ్చింది. ఆమె లేవలేదు. నేనే నడిచి వెళ్లి ఎక్కాను.