అక్క తలూపింది

మా అక్కకు పుట్టుకతోనే చెవుడు. వేంపల్లెలో మా బట్టల కొట్టులో బ్లౌజు పీసుల కౌంటరు ఆమెది. చీర అంచును ఒక్కసారి చూసి, అరలోంచి సరిగ్గా అదే రంగు గుడ్డ లాగి బల్ల మీద పడేసేది. చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు ఆ కౌంటరు కోసమే మా కొట్టుకు వచ్చేవాళ్లు. మా నాయన మాత్రం వాళ్లంతా తన మాటకారితనానికే వస్తున్నారని నమ్మేవాడు.

ఇంట్లో అందరం అక్కతో చేతులతోనే మాట్లాడేవాళ్లం. ఆ భాష కొంత బధిరుల బడిలో ఆమె నేర్చుకొచ్చింది, కొంత మేం కల్పించుకున్నది. వినపడనివాళ్లు మనకు చేతిపేర్లు పెడతారు. పేరు పెట్టే హక్కు వాళ్లదే, మనకు నచ్చకపోతే చేసేదేమీ లేదు. నాయన పేరు పొట్ట మీద రెండు దెబ్బలు. అమ్మ పేరు బెదిరించే చూపుడువేలు. నా పేరు ఆవులింత. ఇది అన్యాయమని నేను ఎన్నిసార్లు వాదించడానికి కూర్చున్నా మధ్యలో ఆవులింత వచ్చేది.

అట్లా ఉండగా, ప్రభుత్వ కార్డు మీద చెవి మిషన్లు ఊరికే ఇస్తున్నారని అమ్మకు తెలిసింది. అందరం కడప ఆసుపత్రికి పోయాం. అక్కడ పరీక్షలు చేసిన డాక్టరమ్మ అక్క చెవికి మిషన్ తగిలించి నిదానంగా చెప్పింది.

"దీంతో చప్పుడు తెలుస్తుంది. మాట అర్థం కావడం వేరే సంగతి. దానికి శిక్షణ కావాలి, అదీ కార్డు మీదే ఇస్తాం. మీరు మాత్రం చేతులతో మాట్లాడటం మానొద్దు."

ఆమె మొదటి వాక్యం ముగించేలోపే అమ్మ దండం పెట్టేసింది, నాయన చప్పట్లు కొట్టేశాడు. మిగతా వాక్యాలు ఆ చప్పట్లలోనే కలిసిపోయాయి. తిరుగు బస్సులో నేను శిక్షణ సంగతి ఎత్తితే నాయన నా మీద కసురుకున్నాడు.

"మిషన్ వచ్చినాక ఇంగ శిక్షణ దేనికిమ్మీ?"

ఇంటికి రాగానే పరీక్షలు మళ్లీ మొదలయ్యాయి. నాయన గరిటెతో పళ్లెం వాయించి "వినపడతాందా?" అని అరిచాడు. అమ్మ బిందె మీద కొట్టింది. కుక్కర్ కూత పెట్టినప్పుడు అక్క ఎగిరి గోడకు ఆనుకుంది. తర్వాత నా దగ్గరికి వచ్చి చేతులతో అడిగింది. అక్క చేతులకు కూడా మా యాసే ఉందని నా నమ్మకం.

"ఇది దినామూ ఇట్లే అరుస్తాదా? మీరు ఎట్ల బతుకుతాండారు?"

మధ్యాహ్నం నాయన గురక విని, ఏదో జంతువు ఇంట్లో దూరిందని చీపురు పట్టుకొచ్చింది. నాయనను చూపించినా నమ్మలేదు. దగ్గర కూర్చుని, పొట్ట లేచినప్పుడల్లా చప్పుడు వస్తోందని తేల్చుకున్నాకే చీపురు కింద పెట్టింది.

నవ్వుకున్నాం గానీ, ఆ వారంలోనే మా ఇంట్లో చేతులు ఆగిపోయాయి. వినపడుతోంది కదా, ఇక చేతులెందుకు? అమ్మ వంటింట్లోంచే కేకేసేది. నాయన వీధి వైపు చూస్తూ మాట్లాడేవాడు. అక్కకు అదంతా ఒకటే గోల. ఏమన్నారని అడిగితే ఇంకా గట్టిగా అరిచేవాళ్లు. దాంతో ఆమె వినపడనివాళ్లందరికీ తెలిసిన పాత ఉపాయం పట్టుకుంది. ఎవరేమన్నా తలూపేది. తలూపితే మనబోటివాళ్లు సంతోషంగా వెళ్లిపోతారు. కాకరకాయంటే ఆమడ దూరం పోయే మనిషి, అమ్మ అడిగినప్పుడల్లా తలూపి రోజూ అదే తినాల్సి వచ్చింది. ఇల్లంతా సంబరంగా ఉంటే ఆమె మాత్రం పళ్లెంలోకి చూస్తూ తిని లేచిపోయేది. చూస్తే నాకు ఏడుపొచ్చేది, అంతకు మించి ఒళ్లు మండేది.

ఒక ఉదయం నాయన కొట్టు తెరుస్తూ, అక్కకు వీపు పెట్టి, ఆమె కౌంటరు తీసేసి అక్కడ రెడీమేడ్ చుడీదార్లు పెడదామా అని అడిగాడట. ఎదుటి అద్దంలో అక్క తల ఆడింది. అంతే, వడ్రంగికి కబురు పోయింది.

వడ్రంగి వచ్చినప్పుడు నేను కొట్టులోనే ఉన్నాను. ఊగుతున్న బల్ల బిగించడానికి వచ్చాడనుకుని అక్క అతనికి టీ కూడా ఇచ్చింది. అతను అరలు ఊడదీయడం మొదలుపెట్టగానే ఆమె ఒక్క గంతులో బల్లెక్కి, బ్లౌజు పీసుల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

నాయన ఆమె చెవిలో నోరు పెట్టి అరిచాడు. "నువ్వే గదమ్మీ ఒప్పుకున్నావు!"

అక్క అలవాటు కొద్దీ తలూపింది.

"చూడప్పా, ఇప్పుడు గూడా ఒప్పుకుంటాండాది" అన్నాడు నాయన వడ్రంగితో.

"ఒప్పుకున్న మనిషి బల్ల దిగల్ల గదప్పా?" అన్నాడు వడ్రంగి.

నేను నేల మీద కాలితో గట్టిగా తన్నాను. ఆ అదురుకు అక్క నా వైపు తిరిగింది. జరిగిందంతా చేతులతో చెప్పాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత మిషన్ తీసి నాయన చెవికి తగిలించి, రెండు చేతులూ ఆయన ముఖం ముందు పెట్టి అడిగింది. ఆ చేతులను నేను పైకి చదివాను.

"మిషన్ వచ్చింది నా చెవికి గదా. మీ చేతులకేమొచ్చింది?"

చీరలు చూస్తున్న ఆడవాళ్లు కూడా చూడటం ఆపేశారు. నాయన మెల్లగా చేతులు లేపాడు. ఇన్నాళ్లూ వాడకపోయేసరికి వేళ్లు తడబడ్డాయి. కౌంటరు అన్నాడు. తీసేదా అన్నాడు.

అక్క ఆ ప్రశ్న పూర్తయ్యేదాకా ఓపికగా చూసి, వద్దంది. ఇట్లా అడిగుంటే ఆ ఉదయమే చెప్పేది.