అట్ట మీద గీసిన గుండ్రం

తమ్ముడు పోయాక, అతను సగంలో వదిలేసిన జీపును పూర్తి చేయించి అమ్మేద్దామనుకున్నాను. కొండదారుల్లో రాళ్లు తగలకుండా ఇంజన్ కింద బిగించే ఇనుప పలక కోసం అతను నమూనాగా కత్తిరించుకున్న అట్టను వెల్డింగ్ షాపుకు తీసుకెళ్తున్నాను. సికింద్రాబాద్‌లో బస్సెక్కిన పక్కసీటాయన దాన్ని తిరగేసి చూశాడు.

"ఆయిల్ దించనీకి బొక్క ఏది సార్? ప్రతిసారీ ప్లేటంతా ఇప్పుతరా?"

"మా తమ్ముడు చేసుకున్నాడు. ఇప్పుడు లేడు."

ఆయన నా పెన్ను అడిగి అట్ట మీద గుండ్రం గీశాడు.

"సుమారుగ ఇక్కడొస్తది. బండి కింద కొలిచి కొట్టించుర్రి. ఆయిల్ మారుస్త ఉంటే చాన్నాళ్లు నడుపుకుంటరు."

మెట్టుగూడలో దిగి, జీపు కొంటానన్న మనిషికి ఫోన్ చేసి, అమ్మడం లేదని చెప్పాను. నాకు డ్రైవింగ్ రాదని ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది. ఇప్పుడు నేర్చుకుంటున్నాను.