పిడికిలి బియ్యం

ఇవాళ పొద్దున కుక్కర్లో పెట్టుకుందామని గ్లాసుడు బియ్యం కొలిచాను. కడగబోయే ముందు నా చెయ్యి రోజూలాగే దానంతట అదే ఒక పిడికెడు తీసి పక్కనున్న రేకు డబ్బాలో వేసింది. నా భార్య పోయి ఇది నాలుగో నెల. ఒక్కడు తినే అన్నంలోంచి కూడా ఈ పిడికెడు ఎవరికోసమో నాకు తెలియదు. బాధగా ఉందా అంటే, ఏమీ లేదు. ఈ మధ్య చాలా సంగతులు నాకు ఇలా ఏమీ అనిపించకుండానే జరిగిపోతున్నాయి.

నా ఈడు వాళ్లకు చెబితేనే నమ్ముతారు గానీ, కాశిబుగ్గలో మా వాడకట్టు ఆడవాళ్లు పూటపూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు. మగ్గాలకు సెలవుండే అమావాస్య నాడు అందరి కుండలూ ఒకచోట కుమ్మరించి, ఆ నెల ఎవరి వంతైతే వాళ్లింటికి మొత్తం ఇచ్చేసేవారు. ఆ ఇంటికి ఆ నెల బియ్యం కొనే పని లేదు. అయితే ఒక కట్టుబాటు ఉండేది: అలా మిగిలిన డబ్బు తిండికీ బట్టకూ పోకూడదు, నిలిచే వస్తువు ఏదైనా కావాలి. ఒకరింట్లో అది మేకపిల్ల అయ్యేది, ఒకరి మెడలో బంగారు గుండు అయ్యేది. మా అమ్మ మాత్రం ఏటా తన వంతు డబ్బును పోస్టాఫీసులో వేసి వచ్చేది, ఎందుకంటే ఆమెకు సొంత మగ్గం కావాలి. నాన్న నేసేది సావుకారు మగ్గం మీద, సావుకారు ఇచ్చిన నూలుతో. మగ్గం ఎవరిదైతేనేం, ఆడే కాళ్లూ చేతులూ నావే కదా అని ఆయన నవ్వేవాడు. అమ్మ నవ్వేది కాదు, నూలు కండెలు చుట్టుకుంటూ ఉండేది.

ఇంకొక్క వంతు డబ్బు పడితే మగ్గం ఇంటికొస్తుందనగా, ఆ వంతు బియ్యం వచ్చిన సాయంత్రమే పరకాల దగ్గరి పల్లె నుంచి మా మేనత్త ముగ్గురు పిల్లలను వెంటేసుకుని దిగింది. వాళ్ల చేను ఎండిపోయింది. రెండు రోజులుండి పోతానంది గానీ, వాన రాలేదు, అత్త పోలేదు. నాలుగో రోజుకు నాన్నే నసుగుతూ, అవి వాడకట్టు బియ్యమని చెల్లెలికి చెప్పి పంపిద్దామా అని అడిగాడు.

“ఇంట్ల బియ్యం వెట్టుకొని ఆడివిడ్డకు లేవని ఎట్ల చెప్తం? ఆ బువ్వ మన గొంతు దిగుతదా?” అంది అమ్మ.

నెలకు సరిపోవలసిన బియ్యం సగం నెలకే అయిపోయాయి. మిగతా సగానికి కొనక తప్పలేదు, పోస్టాఫీసుకు పైసా పోలేదు, చేతికొచ్చింది నోటికి రాలేదన్నట్టయింది. కట్టుబాటు తప్పిందని వాడకట్టులో ఒకరిద్దరు గొణిగితే అమ్మ తలొంచుకుని విన్నది. మేనత్త అంటే నాకు ఎంత కోపమో, ఆమె పిల్లలతో మాట్లాడడమే మానేశాను. వాళ్లు వెళ్లిన మర్నాటి నుంచి అమ్మ రెండు పిడికెళ్లు తీయడం మొదలుపెట్టింది, ఒకటి వాడకట్టుకు, ఒకటి పోయిన వంతుకు. ఆ ఏడాదంతా మేము రాత్రిపూట అన్నం మాని జొన్న గట్కే తిన్నాం.

మళ్లీ వంతుకు మగ్గం వచ్చింది. నవ్వే నాన్న ఆ రోజు నవ్వలేదు, మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని చాలాసేపు దాన్ని చేత్తో నిమురుతూ ఉండిపోయాడు. మా ఇంటి జాగా, నా చదువు, నా ఉద్యోగం అన్నీ ఆ మగ్గం వెనకే వచ్చాయి. కానీ మగ్గం దిగిన సాయంత్రం కూడా అమ్మ కుండలో పిడికెడు వేస్తుంటే, ఇంకా ఎందుకని అడిగాను.

“మగ్గం కోసమనే మొదలువెట్టిన బిడ్డా. ఇప్పుడు చెయ్యి ఆగుతలేదు.”

నా భార్య కోడలిగా వచ్చేసరికి వాడకట్టు చెదిరిపోయింది, వంతులు పోయాయి. అయినా మా అమ్మ చేతిని చూసి తనూ నేర్చుకుంది. డబ్బా నిండినప్పుడల్లా బియ్యం లేవన్నవాళ్లెవరికో ఇచ్చి వచ్చేది. ఇప్పుడు హన్మకొండలో ఉన్న మా అమ్మాయికి జీతం పడగానే ఫోన్లోనే కొంత కట్ అయి పక్కకు పోతుంది. మాకంటే బాగానే కూడబెడుతోంది, నాకు సంతోషమే. కాకపోతే ఆమె ఎంత దాచిందో పక్కింటివాళ్లకు తెలియదు, పక్కింట్లో పొయ్యి వెలిగిందో లేదో ఆమెకూ తెలియదు. మా వాడకట్టులో ఈ రెండూ అందరికీ తెలిసేవి.

మొన్న ఆదివారం అమ్మాయి వచ్చి డబ్బా మూత తీసి, పురుగు పట్టింది నాన్నా, చెరిగి ఎవరికన్నా ఇచ్చేద్దాం అంది. ఆమె అన్నది న్యాయమే, ఇవ్వడానికే కదా తీసేది. చాట కూడా తెచ్చుకుంది. నేను వద్దన్నాను. ఆ డబ్బాలో అడుగున ఉన్నవి వాళ్లమ్మ పిడికెళ్లు, పైన ఉన్నవి నావి. చెరిగితే ఏవి ఎవరివో తెలియవు.