అల్మారాలో అవ్వ, బొర్ర ఉన్న హీరో

మొన్న బుధవారం నన్నెవరో కట్టేసి బట్టల అల్మారాలో పడేశారని మా తెల్లాపూర్ అంతా గుప్పుమంది. నాలుగు టవర్లు, మూడు వేల మంది జనం, రెండు ఫైరింజన్లు. సరే, ఫైరింజను ఒకటే, అదీ పార్కింగులో బొమ్మలాగా నిలబడి ఉండింది. జనం కూడా మూడు వందలే అంటాడు మా మనవడు. వాడు అప్పుడు ఆఫీసులో ఉన్నాడు, వాడికేం తెలుసు? ఏదయితేనేమి, నన్ను కట్టేసిన దొంగ దొరికింది. అది నేనే.

టీ పోసుకుని కూర్చోండి, మొదటి నుంచి చెప్తా.

మాది ప్రొద్దుటూరు. ఇప్పుడు ఉంటున్నది కూతురి కొడుకు వంశీ దగ్గర, సీ టవర్ పంతొమ్మిదో అంతస్తులో. కిటికీ తీస్తే మేఘాలొచ్చి సోఫాలో కూర్చుంటాయి. వంశీకి ముప్పై రెండేళ్ళు, సాఫ్ట్‌వేరు. వాడితో ప్రసాదు. మూడేళ్ళుగా ఇద్దరిదీ ఒకే సంసారం. నాకు మొదట్లో "రూమ్మేట్" అని చెప్పారు. ఆ రూమ్మేటుకు జలుబు చేస్తే మావాడు మిరియాల కషాయం కాచి, ఊది ఊది, చెంచాతో తాగించాడు. "అబ్బీ, నేను వందేళ్ళు సంసారం చేసినదాన్ని, రూమ్మేటంటే ఏందో నాకు చెప్పొద్దు" అన్నా. ఆ విషయం అంతటితో తేలిపోయింది.

ప్రసాదుది భీమవరం వైపు. నన్ను "అవ్వగారండీ" అంటాడు. అవ్వకు గారు, గారుకు అండీ. ఇంకో రెండు తగిలిస్తే నా పేరు గూడ్సు రైలంత అవుతుంది. మనిషి బంగారం. పొట్ట ఉంది. ఉంటే ఏమి? వాడికి మాత్రం అదొక నేరం. సోఫాలో కూర్చుంటే ఒళ్ళో దిండు. నిలబడితే ముందు లాప్‌టాప్ బ్యాగు. ఫొటో తీస్తామంటే వచ్చి నా వెనక దాక్కుంటాడు. నేను నాలుగున్నర అడుగులు, నా వెనక ఏం దాగుతుంది? ఎండాకాలంలో ఇనుము కరుగుతున్నా చొక్కా గుండీ విప్పడు. వంశీ ఒకసారి నాతో అన్నాడు, "మూడేళ్ళయింది అవ్వా, లైటు వెలుగుతుండగా వాణ్ణి చొక్కా లేకుండా చూసింది లేదు" అని. ఇట్లాంటివి అవ్వతో చెప్పకూడదని వాడికి తెలీదు, వినకూడదని నాకూ తెలీదు.

ఈ ప్రసాదు కథలు రాస్తాడు. ఇద్దరు మగవాళ్ళ ప్రేమకథలు, పెద్దవాళ్ళు మాత్రమే వినేవి, ఫోన్లో వచ్చే ఆడియో సీరియల్. వారానికో భాగం. చదివే గొంతు నాది. డెబ్బై ఆరేళ్ళ ఆడమనిషి ఆ ప్రేమలు చదవడమేమిటని మీకు డౌటు రావచ్చు. ప్రసాదుకు సిగ్గు. వంశీకి తెలుగు చదవడం రాదు. ఇంట్లో మిగిలింది నేనూ ఫ్రిజ్జూ.

రికార్డింగేమో అల్మారాలో. మా తెల్లాపూర్‌లో ఒక టవరు పూర్తయ్యేలోపు పక్కన రెండు మొలుస్తాయి, పొద్దస్తమానం డ్రిల్లింగు మోతే. అల్మారాలో రజాయిల మధ్య, పట్టుచీరల కింద స్టూలేసుకుని తలుపు జరుపుకుంటే గొంతు తేనెలాగా వస్తుంది.

ఈ వారం భాగం సంగతి చెప్తా. హీరోకి పొట్ట. ప్రేమించినవాడు దగ్గరికొస్తే చాలు, రెండు చేతులూ వాటంతటవే పొట్ట మీదికి పోతాయి. చివరికి వాడే మెడలోంచి ఐడీ కార్డు ట్యాగు తీసి ఇస్తాడు. "నా చేతులు కట్టెయ్. లేకపోతే దాచేసుకుంటాను. ఇట్లా అయితేనే నువ్వు నన్ను చూడగలవు" అంటాడు. విప్పమన్న మరుక్షణం విప్పాలి, అదీ ఒప్పందం. అవతలివాడు కడతాడు. కట్టి, ఊరికే చూస్తాడు. ఆ తర్వాత ఇంకా ఉంది గానీ అది మీరే వినుకోండి. నేను చదివి చెంబెడు మజ్జిగ తాగాల్సొచ్చింది.

బుధవారం మధ్యాహ్నం ప్రసాదు వచ్చి నా పక్కన కూర్చున్నాడు, ఒళ్ళో దిండుతో సహా.

"అవ్వగారండీ, ఈ వారంది రికార్డు చేయకండి. మార్చేస్తున్నాను. పొట్ట తీసేసి సిక్స్ ప్యాక్ పెడతానండి. ఆ కట్టుకోవడాలవీ కూడా తీసేస్తాను."

"ఎందుకూ?"

"పొట్ట ఉన్నవాడి ప్రేమ ఎవరు వింటారండీ? నవ్విపోతారు."

"సిక్స్ ప్యాకోడి చేతులు కట్టేదెందుకురా, వాడు ఎట్లాగూ చొక్కా ఇప్పుకునే తిరుగుతాడు."

వాడు నవ్వలేదు. కింద సెలూన్లో కటింగు చేయించుకుని వచ్చి, ఐదింటికల్లా మార్చేస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. ఐదింటికి భాగం విడుదల.

నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. ఈ మూడేళ్ళలో వాడు తనను తాను తలుచుకుని రాసింది ఈ ఒక్కటే. ముందు రాసిన హీరోలందరూ జిమ్ముల ముందు అంటించే పోస్టర్లు. దీన్ని కూడా చంపేశాడంటే ఇక జన్మలో ఆ దిండు వదలడు, మావాడు జన్మంతా లైటార్పుకుని కూర్చుంటాడు. అయితే ట్యాబులో వాడి అకౌంటు లాగిన్ అయ్యే ఉంది. వాడొచ్చేలోపు నేనే చదివి పంపించేస్తే? అడిగితే "తెలీక నొక్కాను నాయనా" అంటా. ముసలితనంలో ఉన్న ఒకే ఒక్క సుఖం అది.

ప్రసాదు తాళంచెవి తీసుకుపోలేదని వీధి తలుపు చేరగిలేసి, అల్మారాలో దూరి, రికార్డింగు నొక్కాను. మొదటి పేజీ దివ్యంగా వచ్చింది. కట్టేసే చోటికి వచ్చేసరికి గొంతు మొండికేసింది. "నా చేతులు కట్టెయ్" అంటుంటే రైతుబజారులో "రెండు కిలోలు వంకాయలు కట్టెయ్" అన్నట్టుంది. ఏడుసార్లు చదివా. ఏడుసార్లూ వంకాయలే.

లోపల కొక్కేనికి వంశీ పాత ఐడీ ట్యాగు వేలాడుతోంది. చూశాను. మా నాయనది బట్టల కొట్టు. చిన్నప్పుడు మూటలకు నేను వేసిన ముడి బొంబాయి పోయి తిరిగొచ్చినా ఊడేది కాదు, లాగేకొద్దీ బిగుసుకునే రకం. ఉచ్చు వేశా, రెండు మణికట్లూ దూర్చా, కొస పళ్ళతో పట్టి లాగా. పళ్ళు కట్టుడువి, అవి కూడా ముడిలోకి పోబోయాయి. కానీ గొంతు వచ్చేసింది. నా గొంతు విని నాకే ఒళ్ళు జలదరించింది. పేజీలు ముక్కుతో జరుపుకుంటూ చదివేస్తున్నా.

ఇంతలో బయట ఏదో కూత. సైటులోకి కొత్త మిషను దిగిందనుకున్నా. తర్వాత మైకులో ఎవరో మెట్లు, కంగారు, అంటున్నారు. చెత్తబండి అనుకున్నా. పంతొమ్మిదో అంతస్తుకు చెత్తబండి ఎట్లా ఎక్కిందని ఈ బుర్రకు తట్టలేదు. అది ఫైర్ డ్రిల్లట. నిప్పంటుకుంటే ఎట్లా దిగాలో నేర్పిస్తారు. లిఫ్టులు ఆపేసి అందర్నీ పార్కింగులోకి దించారు. తలలు లెక్కపెడుతుంటే ప్రసాదు సగం కటింగుతో, మెడలో సెలూన్ గుడ్డతో వచ్చి, "మా అవ్వగారు పైనే ఉండిపోయారండీ" అన్నాడు.

నా కోసం మెట్లెక్కినవాడు యాదగిరి. మా సెక్యూరిటీ సూపర్‌వైజరు, సిద్దిపేట అవతల ఊరు. పెద్ద మీసం, అంతకంటే పెద్ద పొట్ట, వాళ్ళ మాటలో బొర్ర. యూనిఫాం చొక్కా మధ్య గుండీ ఎప్పుడో ఓడిపోయింది, అక్కడ పిన్నీసు కాపలా. పంతొమ్మిది అంతస్తులెక్కి, తలుపు తోసి లోపలికొస్తే, అల్మారాలోంచి ముసలి గొంతు వినిపించిందట. "ఇప్పుడు చూడు. నా చేతులు కట్టేసి ఉన్నాయి. ఇక నేనేమీ దాచలేను."

తలుపు సర్రున జరిగింది. ఒకర్నొకరం చూసుకున్నాం.

"అమ్మా, ఎవలు కట్టేసిండ్రు?"

"నేనే నాయనా."

గొంతు తగ్గించాడు. "భయపడకుండ్రి. వాడు ఇంట్లనే ఉన్నడా? నోటితోని చెప్పొద్దు. ఉంటే కన్ను కొట్టుండ్రి."

నేను కన్ను కొట్టలేదు. ప్రమాణంగా చెప్తున్నా. రజాయి దుమ్ము పడి దానంతటదే కొట్టుకుంది. అంతే, వాకీటాకీ తీశాడు. "సీ టవర్, నైన్టీన్. పెద్దమ్మని కట్టేసి అల్మారల ఏసిండ్రు. దొంగ ఇంట్లనే ఉన్నడు." కింద పార్కింగులో ఆ మాట పది సెట్లలో ఒకేసారి మోగిందట.

"ముందు ఈ ముడి విప్పు నాయనా."

"ముట్టొద్దమ్మా. ఎవిడెన్స్."

లాఠీ పట్టుకుని వంటింట్లో చూశాడు, బాత్రూముల్లో చూశాడు, వాషింగ్ మిషన్లో కూడా చూశాడు. చివరికి మంచం కింద దూరాడు. దూరడం దూరాడు గానీ రాలేకపోయాడు. బొర్ర ఇరుక్కుంది. "అమ్మా, జర గుంజుండ్రి" అని లోపల్నుంచి గొంతు. కట్టేసిన చేతుల్ని వాడి బూటుకు కొక్కెంలాగా తగిలించి, దేవుడి రథం లాగినట్టు లాగాను. మంచంతో సహా వచ్చాడు.

పిన్నీసు ఊడిపోయింది. చొక్కా రెండు వైపులకూ విడిపోయింది. మనిషి నేల మీద కూర్చున్నాడు, ఆయాసం ఆగట్లేదు. అయినా వాడు మొదట చేసిన పని, రెండు చేతులూ బొర్ర మీద కప్పుకోవడం.

"నవ్వకుండ్రి అమ్మా."

"నవ్వడం లేదు నాయనా" అన్నా. నిజంగానే నవ్వలేదు. ఆ చేతుల్ని నేను రోజూ మా సోఫాలో చూస్తుంటా.

అందుకే నోరు ఆగలేదు. ఉన్నదంతా చెప్పేశా. కథ, హీరో, పొట్ట, ట్యాగు, మా వంశీ మూడేళ్ళుగా లైటార్పుకుని కూర్చోవడం, ఐదింటికల్లా ప్రసాదు దీన్ని తీసేయబోవడం. అంతా విని మీసం గీరుకున్నాడు.

"ఇద్దరు మొగోళ్ళా?"

"ఇద్దరూ మగవాళ్ళే."

మీసం మీద చెయ్యి అట్లాగే ఆగిపోయింది. అప్పుడు తెలిసింది నేను చేసిన పని. ఎప్పటికో చెప్పుకుందామని పిల్లలిద్దరూ దాచుకున్న సంగతి, గేటు దగ్గర నిలబడే మనిషికి నా చేత్తో ఇచ్చేశాను. రేపు ఈ గేటులోంచి వాళ్ళు తలెత్తుకుని పోగలరా? నా గుండె ఆగింది. నాలుగు నిమిషాలు ఆగింది, డాక్టర్లు నమ్మరు.

యాదగిరి గొంతు సవరించుకున్నాడు. "అయితే ఆ బొర్రాయన అంగీ ఇడిచిండా, లేదా?"

"నువ్వే చదువుకో. నా ముక్కు అరిగిపోయింది."

ట్యాబు తీసుకుని, పెళ్ళిపత్రిక చదివినట్టు ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి చదివాడు. "నా... ఉదరం... ఉదరమంటే ఏందమ్మా? దవాఖాన చీటీల మీద రాస్తరు."

"పొట్టే నాయనా."

"మరి బొర్ర అనొచ్చు గద." మళ్ళీ మొదలుపెట్టాడు. "నా బొర్ర జూస్తే నీకు నవ్వొస్తలేదా?"

నేను చదివింది వంకాయలైతే, వాడు చదివింది కథ. అక్కడ ఆగిపోయాడు. "పెండ్లయి ఇరవై రెండేండ్లమ్మా. మా ఇంటామె ముంగట గూడ బనీను ఇడువలేదు" అన్నాడు. వేలు కిందికి జరిపి, అవతలివాడి జవాబు చదివాడు. "వస్తుంది. పొద్దంతా ఎక్కడెక్కడో తిరిగి వచ్చి ఇంటి తలుపు తీస్తే వస్తుందే, ఆ నవ్వొస్తుంది."

గుమ్మంలో ఎవరో రొప్పుతున్నారు. ప్రసాదు. తల కుడివైపు కటింగు, ఎడమవైపు అడవి, మెడ నుంచి మోకాళ్ళ దాకా సెలూన్ గుడ్డ. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో.

వాకీటాకీ అరిచింది, దొంగ దొరికాడా అని. "దొంగ లేడు. అమ్మనే కట్టుకుంది. జరాగుండ్రి, కథ అయిపోలే" అన్నాడు యాదగిరి.

"అవ్వగారండీ, ముందు ఆ చేతులిటివ్వండి."

"భాగం మార్చనని చెప్తేనే ఇస్తా."

కిడ్నాపైన మనిషే డిమాండ్లు పెట్టడం ఈ భూమ్మీద అదే మొదటిసారి. ప్రసాదు నా వంక చూడలేదు. యాదగిరి వంకే చూస్తున్నాడు. యాదగిరి లేచి నిలబడ్డాడు, చొక్కా విడిపోయే ఉంది.

"సార్, ఇది మీరే రాసిండ్రా?"

ప్రసాదు అలవాటు ప్రకారం గుడ్డను ముందుకు లాక్కున్నాడు. "అవునండి."

"నా గురించి మీకెవలు జెప్పిండ్రు?"

ప్రసాదు గుడ్డ వదిలేశాడు. ట్యాబు తీసుకున్నాడు, పక్కనే కూర్చుని ఉదరం కొట్టేసి బొర్ర అని పెట్టాడు. అదొక్కటే మార్చాడు. నా ముడి మాత్రం ఎవరికీ లొంగలేదు. కత్తెరతో వంశీ ట్యాగు కోసేయాల్సి వచ్చింది.

ఇంతా చేస్తే రికార్డింగు ఆగనే లేదు, అల్మారా నుంచి మంచం దాకా అంతా ఎక్కింది. ఆ మంచం కింద గొడవ కోసేసి, యాదగిరి చదివింది అట్లాగే ఉంచుతానన్నాడు ప్రసాదు. "నా పేరు ఎయ్యకుండ్రి సార్, మా ఇంటామె ఇంటది" అన్నాడు యాదగిరి. మెట్ల దాకా పోయి మళ్ళీ వెనక్కొచ్చాడు. "ఎయ్యుండ్రి. ఇననీ."

ఏడింటికి వంశీ పరుగెత్తుకుంటూ వచ్చాడు, ఫోన్లో వెయ్యి మిస్డ్ కాల్సుతో. హాల్లో ట్యూబులైటు వెలుగుతోంది. కటింగు వెంట్రుకలు గుచ్చుకుంటున్నాయని ప్రసాదు చొక్కా, బనీను రెండూ తీసేసి ఫ్యాను కింద కూర్చుని ఉగ్గాని తింటున్నాడు. ఒక చేతిలో పళ్ళెం, ఒక చేతిలో మిరపకాయ బజ్జీ. పొట్ట పొట్ట చోటే ఉంది. వంశీ ఒక బూటు విప్పి, రెండోది విప్పడం మరిచిపోయి, అట్లాగే నిలబడిపోయాడు. నేను మర్యాదగా కళ్ళు మూసుకున్నా. ఒకటే మూసుకున్నా.

విన్నవాళ్ళు కుప్పలుతెప్పలుగా రాశారు. లక్ష మంది, కాకపోతే నలభై. "ఆ బొర్ర సార్ గొంతు ప్రాణం తీసింది", "ఆయనెవరు, ఇకనుంచి ఆయనతోనే చదివించండి" అని. నా గురించి కూడా ఒకాయన రాశాడు. "మధ్యమధ్యలో ఎవరో ముసలామె వస్తోంది, అడ్డంగా ఉంది, తీసేయగలరు." దాంతో ఇప్పుడు డ్యూటీ దిగాక అల్మారాలో స్టూలు మీద యాదగిరి. నేను బయట. మధ్యలో ఎవరూ తీయకుండా తలుపు పట్టుకుని నిలబడే ఉద్యోగం నాది. దగ్గు వచ్చినా దగ్గనివ్వడం లేదు.