గుండీ వయసులోంచి కోసిన రెండేళ్ళు

బడిపిల్లల యూనిఫారాలు కుట్టే దుకాణంలో ఆవిడ పన్నెండేళ్ళుగా కొలతలు తీస్తోంది. మనిషి పొట్టి, నోరు పొడుగు అని కటింగ్ మాస్టరు ఆవిడ వెనకాల అంటాడు. ఎదురుగా అనడానికి గుండె చాలదు. వీధిలో మాత్రం ఆవిణ్ని ఎవరూ టైలరమ్మ అనరు, క్యాలెండరు వాళ్ళమ్మ అంటారు. క్యాలెండరంటే ఆవిడ కొడుకు, ఎనిమిదిన్నరేళ్ళవాడు. ఏ సంవత్సరంలో ఏ తేదీ అడిగినా అది ఏ వారమో రెప్పపాటులో చెప్పేస్తాడు.

వాడి సంగతి మొదట కనిపెట్టింది ఆవిడే. వాడికి నాలుగేళ్ళప్పుడు, ఆవిడ కొట్లో ఎవరితోనో "వచ్చే నెల పద్నాలుగున వచ్చి బట్టలు పట్టుకెళ్ళండి" అంటుంటే, మిషను కిందనుంచి "పద్నాలుగు ఆదివారం, కొట్టు మూసేస్తారు" అన్నాడు. ఆవిడ గోడమీది క్యాలెండరు తిప్పి చూసి అలాగే కూలబడింది. ఆ రోజునుంచి పాత క్యాలెండరు ఎవరింట్లో కనబడినా అడిగి తెచ్చి వాడి ముందు పడేసేది. వాడడిగే నూటొక్క ప్రశ్నలకి, తెలిసినా తెలియకపోయినా, మిషను తొక్కుతూనే జవాబు చెప్పేది. వాడికదొక ఆట, ఆవిడకదొక సరదా.

అంతలో బావగారు దిగాడు. మొగుడి అన్నగారు. అంతకుముందు మూడు వ్యాపారాలు పెట్టి మూడూ మూసేసిన ఘనుడు. పిల్లాడికి తనే మేనేజరునని ఎవరూ అడక్కుండానే ప్రకటించుకున్నాడు. సభలు కుదిర్చాడు, పేపర్లో పడిన ముక్కలన్నీ ఒక ఫైల్లో అంటించాడు, వాడికి ఒళ్ళు కాలిపోతున్న రోజున కూడా స్టేజీ ఎక్కించాడు. ఆవిడ పళ్ళ బిగువున భరించింది. నిజం చెప్పాలంటే, ముందు వరసలో కూచుని తనూ చప్పట్లు కొట్టింది. అందుకు ఇప్పటికీ తనని తాను తిట్టుకుంటుంది.

కొడుకు తర్వాత కూతురు. కొట్లోవాళ్ళు దాన్ని గుండీ అని పిలుస్తారు. ఏడేళ్ళు, రెండో తరగతి. చదువు దానికి సులువుగా అబ్బలేదు. ఒత్తులు పట్టుబడేసరికి ఏడాది పట్టింది. ఈమధ్యే ఒక పాఠం మొత్తం కూడబలుక్కుంటూ చదివి, అమ్మ కాజాలు కుడుతుంటే మళ్ళీ మొదటినుంచి చదివి వినిపించింది.

ఒక సాయంత్రం బావగారు కాగితం పట్టుకొచ్చాడు.

"ఇక్కడ ఒక్క సంతకం పెట్టమ్మాయ్. రికార్డులు రాసేవాళ్ళు వస్తున్నారు. ఏడేళ్ళలోపు పిల్లలైతేనే పుస్తకంలోకి ఎక్కిస్తారట. మనవాడికి రెండేళ్ళు తగ్గిస్తే ఆరున్నర. బడి రిజిస్టరు సంగతి హెడ్‌మాస్టరు చూసుకుంటానన్నాడు."

"గుండీకి ఏడేళ్ళు బావగారూ. అన్నకంటే చెల్లెలు ముందు పుట్టిందని రాస్తారా?"

మేనేజరుకి ఈ సంగతి తట్టలేదు. అన్ని సభల్లో లెక్కల గొప్పతనం గురించి ఊదరగొట్టిన మనిషికి ఏడు పెద్దదో ఆరున్నర పెద్దదో తెలియలేదు. కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"అయితే దానికీ రెండేళ్ళు తగ్గిద్దాం. యూకేజీలో కూచోబెడితే సరిపోతుంది. అదేమన్నా వీడిలాంటిదా? మామూలు పిల్లే కదా. రెండేళ్ళు వెనకబడితే కొంపలేం మునగవు."

ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"వీణ్ని మోసినన్ని నెలలే దాన్నీ మోశాను. దాని రెండేళ్ళు ఎవరికీ ఇవ్వను. సంతకం పెట్టను."

మొగుడి వైపు చూసింది. "అన్నయ్య మన మంచికే చెప్తున్నాడు కదా" అన్నాడాయన. ఆవిడ కాగితం మడిచి బావగారి చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అంతటితో ఆ గొడవ తీరిందనుకుంది.

పది రోజుల తర్వాత, ఒక శుక్రవారం పొద్దున, కొత్త యూనిఫారాల కొలతలకి పిల్లల బడికి వెళ్ళింది. ఏటా ఆ బడి పని ఆవిడదే. యూకేజీ పిల్లల్ని వరండాలో వరసగా నిలబెట్టారు. ఆవిడ తల వంచుకుని టేపు తిప్పుతూ, ఛాతీ, నడుము, పొడుగు అంటూ అంకెలు చెబుతుంటే టీచరు రాసుకుంటోంది. ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై. తర్వాతి పిల్లకి ఇరవై మూడు వచ్చింది. యూకేజీ పిల్లకి ఇంత ఛాతీ ఏమిటని తలెత్తింది.

గుండీ. మిగతా పిల్లల్లాగే రెండు చేతులూ చాపి నిలబడి ఉంది. అమ్మా అని కూడా పిలవలేదు.

"నువ్విక్కడ ఎందుకున్నావే?"

"టీచరు ఇక్కడ కూచోమంది."

"ఎప్పట్నుంచి?"

"సోమవారం నుంచి. నీకు చెప్పొద్దన్నాడు పెదనాన్న."

"నాన్నకి తెలుసా?"

"నాన్నే తీసుకొచ్చి కూచోబెట్టాడు."

ఆ కాగితం మీద తన సంతకం మొగుడే పెట్టేశాడని ఆవిడకి అప్పుడు అర్థమైంది. పిల్ల చెయ్యి పట్టుకుని విసవిసా ఆఫీసు గదికి నడిచింది.

లోపల హెడ్‌మాస్టరు, బావగారు, గోడకి ఆనుకుని మొగుడు, ఫైళ్ళతో ఇద్దరు కొత్తమనుషులు. మధ్యలో కుర్చీలో కొడుకు. బావగారు ముఖాన నవ్వు పులుముకుని "పిల్లాడి తల్లండీ" అని పరిచయం చేశాడు.

ఆవిడ ఆయన్ని పట్టించుకోలేదు. "నీకెన్నేళ్ళురా?" అంది కొడుకుతో.

వాడు పెదనాన్న వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు. భయమేమీ లేదు. మామూలు ప్రశ్నకి మామూలు జవాబు చెబుతున్నట్టు, "ఇంట్లోనా, ఇక్కడా?" అన్నాడు.

అప్పటిదాకా వచ్చిన కోపం ఒక ఎత్తు, ఈ మాటకి వచ్చింది ఒక ఎత్తు. తారీఖు తప్పుగా చెబితే అన్నం మానేసే పిల్లాడు వాడు. వాడి నోటికి ఇది అలవాటు చేశారు.

"వీడికి ఎనిమిదిన్నర, దీనికి ఏడు" అంది ఆ కొత్తమనుషులతో. "ఆ కాగితం మీద సంతకం నాది కాదు."

వాళ్ళు ముఖాలు చూసుకుని ఫైళ్ళు సర్దుకున్నారు. "వాడి బతుకు బుగ్గి చేశావు" అని బావగారు అరిచాడు. "అరవండి, అందరూ వింటారు" అంది ఆవిడ. మొగుడితో మాత్రం "ఇంటికి రా, మాట్లాడదాం" అంది. తర్వాత హెడ్‌మాస్టరు ఎదురుగా కుర్చీ లాక్కుని, రిజిస్టర్లో ఇద్దరి తేదీలూ మళ్ళీ సరిగ్గా రాసేదాకా కదలకుండా కూచుంది.

కూతుర్ని రెండో తరగతి గుమ్మందాకా తీసుకెళ్ళింది. లోపల పిల్లలు పాఠం చదువుతున్నారు. గుండీ గడప దగ్గర ఆగిపోయింది.

"అమ్మా, నేను మళ్ళీ పాసయ్యానా?"

సోమవారం నుంచి ఆ పిల్ల తను పరీక్ష తప్పాననుకునే ఆ పొట్టి బెంచీమీద కూచుంది. నువ్వు తప్పలేదమ్మా అని ఒక్క మాట చెప్పాలని ఆ ముగ్గురు మగవాళ్ళలో ఒక్కడికీ తోచలేదు.