పూజగది గడప

కోడిని చంపే ముందు దాని చెవిలో ‘ఓం మణి పద్మే హుం’ అనే మణిమంత్రం గొణగడం పశువైద్య సహాయకుడు కింగాకు అలవాటు. బర్డ్ ఫ్లూ సరిహద్దు దాటి భూటాన్‌లోకి రాకముందే ఊళ్లో కోళ్లన్నిటినీ చంపేయమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఇప్పుడా గొణుగుడు మాస్కు దాటి బయటికి రావడం లేదు.

భర్త జబ్బు నయం కావాలని, దాన్ని ఎన్నటికీ చంపనని మొక్కుకుని వదిలిన పుంజును దేమా అవ్వ పూజగదిలో దాచింది. కింగా గడప దగ్గరే ఆగిపోయాడు. లోపలికి బూట్లతో వెళ్లకూడదు. రోగం అంటకుండా వేసుకున్న తెల్ల సూటుకు టేపుతో అంటించిన బూట్లు విప్పకూడదు.

“నువ్వే తెచ్చియ్యి అవ్వా.”

“అది తుమ్మనైనా లేదు గదరా! మాటిచ్చినదాన్ని నేనే పట్టియ్యాలా?”

అతను గడప బయటినుంచే చేతులు చాచాడు. లోపల పుంజు కూసింది. చివరికి అవ్వే దాన్ని గుండెకు హత్తుకుని తెచ్చి అతని చేతుల్లో పెట్టింది.

“మంత్రం గట్టిగా చదువు నాయనా. దానికి వినబడాలి.”